పుచ్చకాయల లారీ ఎక్కిన నరహరి

"ఉస్తాద్, నా పాసులకు వీళ్లు సరిపోరు," అన్నాడు నరహరి.

గఫార్ ఉస్తాద్ మైదానం అంచున, బోర్లించిన పండ్లపెట్టె మీద కూర్చుని బంతికి గాలి కొడుతున్నాడు. తలెత్తలేదు.

"ఎవరు బేటా?"

"ముందు వరుస ముగ్గురు. బాలమల్లు, ఎల్లేశ్, మొయిన్."

అది పండ్ల మార్కెట్ హమాలీల ఫుట్‌బాల్ జట్టు. తెల్లవారుజామున లారీలు దించుతారు, మధ్యాహ్నం కాసేపు పడుకుంటారు, సాయంత్రం బంతి ఆడతారు. వాళ్లకు ఆట నేర్పింది గఫార్ ఉస్తాదే. ఆయనా ఒకప్పుడు ఆ మార్కెట్లోనే బస్తాలు మోశాడు. బూట్లు లేక వట్టికాళ్లతో ఆడాడు. రాళ్ల మైదానంలో బొటనవేలి గోరు రెండుసార్లు ఊడగొట్టుకుని మరీ ఆట నేర్చుకున్నాడు. డెబ్బై దాటినా, "హమాలీలకు ఫుట్‌బాల్ ఎందుకయ్యా" అని ఎవడైనా నోరు జారితే ఇప్పటికీ కర్ర పట్టుకుని లేస్తాడు. లేవాలి కూడా. అలాంటి మాటకు లేవనివాడు ఇంక దేనికి లేస్తాడు?

నరహరి ఆయన దగ్గర పన్నెండేళ్ల వయసులో చేరాడు. ఆట బాగా అబ్బింది. కలకత్తాలో ఓ పెద్ద క్లబ్బువాళ్లు శిక్షణకు తీసుకున్నారు. అక్కడ రెండేళ్లు ఉండి, నెలన్నర కిందటే తిరిగొచ్చాడు. ఉస్తాద్ అతణ్ణి మైదానం నడుమ నిలబెట్టి, "జట్టు నీది, ఆడించు" అన్నాడు. నరహరి కాలి దగ్గర నుంచి బంతి ముందున్న ముగ్గురికీ అందాలి. వాళ్లు గోల్ కొట్టాలి.

అందడం లేదు. అదీ గొడవ.

"సెమీఫైనల్ల ముప్పై ఒక్క పాసులిచ్చిన ఉస్తాద్. లెక్కవెట్టిన. తొమ్మిది అందుకున్నరు. అవతలోడు తన గోల్ల తానే కొట్టుకున్నడు గాబట్టి గెలిచినం. ఆదివారం ఫైనల్. ఫైనల్ల అట్లాంటోడు దొరకడు."

"వీళ్లు చేసే తప్పేంది?"

"ఖాళీ జాగల బంతి వేస్త. ఉరికి అందుకోవాలె. వీళ్లు ఉరకరు. పాతిన రాళ్ల లెక్క నిలబడి నా మొకం చూస్తరు!"

"వేస్తున్న అని చెప్పినవా?"

"చెప్తే అవతలోళ్లకు తెల్వదా? నోరు మూసుకొని ఆడాలె. అక్కడ గదే నేర్పిన్రు."

"మంచిగనే నేర్పిన్రు," అన్నాడు ఉస్తాద్, బంతిని బొటనవేలితో నొక్కి చూస్తూ. "అయితే ఏం జేద్దామంటవ్?"

నరహరి జేబులోంచి మడత కాగితం తీశాడు. అందులో ముగ్గురి పేర్లున్నాయి. కాలేజీ జట్టులో ఆడేవాళ్లు. గాలిలా ఉరుకుతారు. శనివారంలోపు పేర్లు మార్చుకోవచ్చు, కానీ ఉస్తాద్ సంతకం కావాలి.

ఉస్తాద్ కాగితం విప్పి చదివాడు.

"బాలమల్లు పదకొండేండ్ల సంది ఆడుతుండు. వానికి ఫైనల్ ఇదే మొదటిది."

"తెలుసు ఉస్తాద్. నాకూ బాధనే. గని గెలవాలె గదా?"

"గెలవాలె," అన్నాడు ఉస్తాద్ వెంటనే. ఆయనకు ఓడిపోవడమంటే మంట. ఓటమిలో కూడా గొప్పతనం ఉంటుందని చెప్పేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు. అందరూ కడుపు నిండినవాళ్లే.

"సంతకం పెడ్త. రేపు పొద్దుగాల ఐదింటికి మార్కెట్‌కు రా. కాయిదం తెచ్చుకో."

మర్నాడు శుక్రవారం. నరహరి వెళ్లేసరికి మార్కెట్ అప్పటికే అరుపులతో హోరెత్తుతోంది. పుచ్చకాయల కాలం. గడ్డి పరిచిన లారీ ఒకటి దుకాణం ముందు నిలబడి ఉంది. పైన పోశాలు ఉన్నాడు, ఆ హమాలీల ముఠాలో అందరికంటే పెద్దవాడు. కింద వరుసగా బాలమల్లు, ఎల్లేశ్, మొయిన్. పోశాలు కాయ విసురుతాడు, బాలమల్లు పట్టి ఎల్లేశ్‌కు విసురుతాడు, ఎల్లేశ్ మొయిన్‌కు, మొయిన్ కుప్ప పేరుస్తాడు. ఏడెనిమిది కిలోల కాయలు గాలిలో పిల్లిపిల్లల్లా దూకుతున్నాయి.

"పోశాలూ, దిగు. చాయ్ తాగుదాం," అని కేకేశాడు ఉస్తాద్. "నరహరి ఇస్తడు."

పోశాలు నరహరిని కిందికీ మీదికీ చూశాడు. "గీనెనా? బూట్లు కరాబైతయ్ సార్."

"నువ్వు చాయ్ తాగు పెద్దమనిషీ," అని నరహరి లారీ ఎక్కాడు.

అతనికి కోపం వచ్చింది. మంచిదే. కోపం వస్తే ఒళ్లు పనిచేస్తుంది. మొదటి కాయ తీసుకుని, తాను ఎలా పాసు ఇస్తాడో అలాగే ఇచ్చాడు. సూటిగా, బిగువుగా, చప్పుడు లేకుండా.

బాలమల్లు అప్పుడే ముందటి కాయను ఎల్లేశ్‌కు అందించి ఇటు తిరుగుతున్నాడు. కాయ అతని భుజం పక్కగా వెళ్లి నేల మీద పేలింది.

మార్కెట్టంతా "హే!" అంది.

రెండోసారి నరహరి ఆలోచించాడు. బాలమల్లు అడుగు ముందుకేస్తే సరిగ్గా చేతుల్లో పడేలా వేశాడు. బాలమల్లు అడుగు వెయ్యలేదు. కాయ అతని కాళ్ల ముందు పగిలి, ఎర్రటి గుజ్జు మోకాళ్లదాకా చిమ్మింది.

"ముందుకు రావాలె గదా!" అని అరిచాడు నరహరి.

"వరుసల కాలు కదపద్దు సార్," అన్నాడు ఎల్లేశ్ కింద నుంచి. పొట్టివాడు, గొంతు మాత్రం పెద్దది. "ఒకడు కదిలితే ఎనకోని కాయ పక్కోని కాలు మీద పడ్తది. పోయినేడు ఒకని యేలు నుజ్జయింది."

మూడో కాయ కూడా పగిలింది. దుకాణం అరుగు మీద సేటు నెత్తి కొట్టుకున్నాడు. కింద మాత్రం పండగగా ఉంది. పగిలిన కాయ ముఠాది. అది ఆ మార్కెట్ రివాజు. మొయిన్ అప్పుడే ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఇంకోటి వెయ్యి సార్!" అన్నాడు గింజలు ఉమ్ముతూ. "గిది మస్తు తియ్యగుంది. ఆ మూలకున్న పెద్దది చూడు."

పోశాలు చాయ్ గ్లాసు పట్టుకుని పొర్లిపొర్లి నవ్వుతున్నాడు. నరహరి చెవులు ఎర్రబడ్డాయి.

"నోరు తెరువు సార్," అన్నాడు బాలమల్లు. అతను నవ్వలేదు. "ఏస్తున్నప్పుడు ఏదో ఒకటి అను. మాకు ఇనబడాలె."

ఉస్తాద్ లేచి వచ్చాడు.

"దిగు బేటా. బాలమల్లూ, నువ్వెక్కు. నీ జాగల నరహరి నిలవడ్తడు."

నరహరి జంకాడు. "ఉస్తాద్, నేనెన్నడు కాయ పట్టలే. కాలు మీద పడితే ఆదివారం..."

"పడది," అన్నాడు బాలమల్లు, టైరు మీద కాలు పెట్టి ఒక్క ఊపున పైకెక్కుతూ.

పైన బాలమల్లు ఓ కాయ తీసి, వెంటనే విసరలేదు. నరహరి పాదాల వైపు చూశాడు. తర్వాత చేతులవైపు. తర్వాత కళ్లలోకి.

"హో, నరహరి సారూ! చిన్నది!"

కాయ వచ్చి చేతుల్లో కూర్చుంది. నిద్రపోయిన పసిదాన్ని తల్లి అందించినట్టు ఉంది. నరహరి దాన్ని చూసి ఆశ్చర్యపోతుంటే, పక్కనుంచి ఎల్లేశ్ అరిచాడు. "ముద్దు పెట్టుకుంటవా ఏంది? ఇటియ్యి!"

"హో! ఇంకోటి!"

అదీ చేతుల్లోకే వచ్చింది.

"హో! గిది పెద్దది, మోకాళ్లు వంచు!"

వంచాడు. బరువు నడుముదాకా దిగి ఆగిపోయింది.

పది కాయలు, ఇరవై కాయలు. ముందు నరహరి భయంతో పట్టాడు. తర్వాత లెక్క పెడుతూ పట్టాడు. ఆ తర్వాత లెక్క మరిచిపోయాడు. బాలమల్లు గొంతు వినబడేసరికి అతని చేతులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. ఎల్లేశ్‌కు అందిస్తూ తనకు తెలియకుండానే "హో ఎల్లేశూ!" అనడం మొదలుపెట్టాడు. మొదట్లో విసుక్కున్న ఎల్లేశ్ ఇప్పుడు పాట కట్టాడు. ఏదో బూతు పాట. ముఠా అంతా అందుకుంది. నరహరి నవ్వుతున్నాడు, చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది, ఎండ మొహం మీద పడింది.

లారీ ఖాళీ అయింది. బాలమల్లు ఎక్కాక ఒక్క కాయా పగల్లేదు.

"గిట్లయితే మా నోట్ల మన్నే," అని మొయిన్ బాధపడ్డాడు.

అందరూ గోడ నీడన కూర్చుని, మొదట పగిలిన మూడు కాయలనూ పంచుకున్నారు. నరహరి ఓ ముక్క తీసుకుని, తినకుండా బాలమల్లును అడిగాడు.

"రెండో కాయ తర్వాత అన్నీ నా కుడి దిక్కే వేసినవ్. ఎందుకు?"

"నీ ఎడమ చెయ్యి జర మెత్తగుంది సార్."

నరహరికి ఆ చెయ్యి పదిహేనో ఏట విరిగింది. అది ఇప్పటికీ నొప్పెడుతుందని అతను ఎవరికీ చెప్పలేదు. కలకత్తావాళ్లకు కూడా.

"రెండు కాయలకే ఎట్ల తెలిసింది?"

"రెండోటి పట్టినప్పుడు మొకం ముడిసినవ్."

"మరి నాకు చెప్పలేదేంది? ఎడమ చెయ్యి గట్టిగ పట్టు అని?"

బాలమల్లుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నోట్లోది మింగి, మూతి తుడుచుకున్నాడు.

"నీకెందుకు చెప్పుడు సార్? ఏసేటోన్ని నేను గద."

నరహరి చేతిలోని ముక్క నుంచి రసం కారి మోచేతిదాకా వచ్చింది. అతను తుడుచుకోలేదు.

ఉస్తాద్ జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, చేయి చాచాడు. "కాయిదం తియ్యి. మాట ఇచ్చిన గద, సంతకం పెడ్త."

నరహరి జేబులో చెయ్యి పెట్టాడు. మూడు పేర్లూ చెమటకు తడిసి మెత్తబడి ఉన్నాయి, అయినా చదవొచ్చు. ఉస్తాద్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆయన ముఖంలో ఏమీ లేదు. నిజంగా పెట్టేసేవాడే.

నరహరి ఆ కాగితంతో చేతులు తుడుచుకున్నాడు. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమది.

ఆ సాయంత్రం మైదానంలో అతను బంతిని చంకలో పెట్టుకుని ముగ్గురి దగ్గరికీ వెళ్లాడు. నెలన్నరలో మొదటిసారి, ఎలా ఆడాలో చెప్పడానికి కాక, అడగడానికి వెళ్లాడు.

"నీకు బంతి ఎట్ల కావాలె?"

బాలమల్లు సిగ్గుపడ్డాడు. ఆ ప్రశ్న పదకొండేళ్లలో అతణ్ణి ఎవరూ అడగలేదు. "కాళ్లకియ్యి సార్. ఎనకనుంచి ఒకడు ఆనుకున్నా మంచిదే. ఈపు మీద బరువుంటే నాకు ధీమాగుంటది."

ఎల్లేశ్ అన్నాడు, "నాకు సందుల ఇయ్యి. రెండు లారీల నడుమ దూరినట్టు దూర్త. గని ఇనబడేటట్టు ఒర్రాలె. ఒర్రకుంటే కాలు లేవది."

మొయిన్ ఎడమకాలు చూపించి నవ్వాడు.

ఆదివారం ఫైనల్ ఒక బ్యాంకు జట్టుతో. వాళ్లందరికీ ఒకే రంగు బూట్లు. మార్కెట్‌కు ఆ పూట సెలవు పెట్టించి ముఠాలన్నీ వచ్చి గోడల మీద కూర్చున్నాయి. పోశాలు కొత్త తువ్వాలు చుట్టుకొచ్చాడు. నాలుగిళ్ల అవతలికి వినబడేలా మొదటి నిమిషం నుంచే నరహరి అరవడం మొదలుపెట్టాడు.

"హో, బాలమల్లూ! కాళ్లకు!"

బ్యాంకు జట్టువాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. ఎక్కడికి ఇస్తున్నాడో తానే చెప్పేవాణ్ణి వాళ్లెప్పుడూ చూడలేదు. ఇద్దరు పరుగున వచ్చి బాలమల్లు వీపుకు ఆనుకున్నారు. అతను వాళ్లిద్దరినీ బస్తాల్లా మోస్తూ, అరికాలితో బంతిని ఆపి, వెనక్కి నరహరికి దొర్లించాడు. వాళ్లు వదిలి వచ్చిన సందు తలుపు తీసినట్టుంది.

"ఎల్లేశూ! సందుల!"

ఎల్లేశ్ కాలు లేచింది.

మొదటి గోల్ అది. రెండోది మొయిన్ ఎడమకాలిది. అవతలివాళ్లు ఒకటి తిరిగి కొట్టారు. గోడల మీదివాళ్లంతా లేచి నిలబడ్డారు. ఇక పది నిమిషాలుందనగా బాలమల్లే కొట్టాడు, ఇద్దర్ని వీపు మీద పెట్టుకునే, అలాగే తిరిగి. పదకొండేళ్ల గోల్. కొట్టాక ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. నరహరి ఉరికొచ్చి ఆ చేతుల్లోకి దూకాడు. ముఠాలన్నీ గోడలు దిగి మైదానంలోకి వచ్చేశాయి.

ఆట అయ్యాక బ్యాంకు జట్టు కోచ్ ఉస్తాద్ దగ్గరికొచ్చాడు. మర్యాదస్తుడు. చేయి కలిపాడు.

"సెమీఫైనల్ చూశాం ఉస్తాద్. ఆ ముందువాళ్లు చాలా బలహీనమని రాసుకున్నాం. ఈ వారంలో ఈ కొత్తవాళ్లను ఎక్కడి నుంచి తెచ్చారు?"

నరహరి పక్కనే బూటు తాళ్లు విప్పుకుంటున్నాడు. చెయ్యి ఆగింది.

"ముందలోళ్లు ఎప్పటి సందో ఈడనే ఉన్నరు భాయ్," అన్నాడు గఫార్ ఉస్తాద్. "ఎనకోడే, మొన్న శుక్రవారం వచ్చిండు."