దిగువన ఎవరమ్మా?

ఏళ్లకు లెక్కలేని కాలంలో, ఏటికి ఇంకా పేరు పెట్టని కాలంలో, ఏటి దిగువన ఒక చాకలి అవ్వ ఉండేది. పేరు అసిరమ్మ. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆవలి గట్టుదాకా వినబడేది.

మురికి గుడ్డ నీళ్లలో ముంచే ముందు "దిగువన ఎవరమ్మా?" అని కేకేసేది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లుంటే "ఉన్నామవ్వా!" అనేవాళ్లు. వాళ్లు కడవలెత్తుకుని గట్టెక్కేదాకా అవ్వ మూట దించేది కాదు.

ఎగువన దొరగారి కోట. దొర చెడ్డవాడు కాదు, తెలివే కాస్త ఆలస్యంగా వచ్చేది. ఒక ఏడు కొత్త కాలవ తవ్వించి, కోటలోని మలమూ మురుగూ అంతా ఏట్లోకి వదిలాడు. కోట అద్దంలా ఉందని మురిసిపోయాడు. దిగువన ఎవరున్నారని అడిగినవాడు లేడు.

నెల తిరక్కుండా దిగువూళ్లో వాంతులు, విరేచనాలు. మూడిళ్లలో ఏడుపులు లేచాయి. అవ్వ మనవరాలు పోలి కూడా మంచాన పడింది. అవ్వకు ఆ పిల్ల తప్ప ఇంకెవరూ లేరు. అవ్వ ఏటివెంట పైకి నడిచింది, కాలవ చూసింది, ముక్కు మూసుకుని తిన్నగా కోటకెళ్లింది.

"బాబూ, మీ కాలవ ఏటిని మైల సేసీసింది. మళ్లించండి."

దొర పగలబడి నవ్వాడు. "మైలగుడ్డలు ఉతుక్కునేదానివి, పారే ఏటికే మైల అంటగడతావటే?"

రెండోసారి దొర పంచెను ఆ కాలవ కిందే ఉతికి తెచ్చింది. తెల్లపంచె పసుపుపచ్చగా తేలింది. "ఏటిని మైల సేసీసారు బాబూ." దొర పంచె విసిరికొట్టాడు. "నీకు ఉతకడం చేతకాలేదు, పో!"

మూడోసారి అవ్వ ఒక ఉపాయం చేసింది. తన చెయ్యి తగిలిందని వంక పెడతారని, దొర నౌకరు చేతే, దొర వెండిచెంబుతోనే, దిగువూరి రేవులో నీళ్లు ముంచించింది. నీళ్లు చూడ్డానికి తేటగానే ఉన్నాయి.

"నా పోలి తాగిన నీళ్లియ్యే బాబూ. మీరూ ఒక్క గుక్క తాగండి."

నౌకరు చెంబు అందించాడు. దొర అడుగు వెనక్కి వేశాడు. "ఛీ, మైల!"

కొలువంతా విన్నది.

"నాను సెప్పిందీ ఆ మాటే బాబూ" అంది అవ్వ. అని ఊరుకోలేక భోరుమంది. "నా పిల్ల సచ్చిపోద్ది బాబూ!"

దొర సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూటే కాలవకు అడ్డుకట్ట వేయించి, మురుగును దూరంగా గోతుల్లోకి మళ్లించాడు. అవ్వ కాలవకు ఎగువన ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు మరగకాచి, ఉప్పుగంజి చేసి పోలికి గుక్కగుక్కగా పట్టింది. మూడోనాడు పోలి కళ్లు తెరిచి, "అవ్వా, ఆకలే" అంది.

పిల్ల బతికింది. అవ్వ బతకలేదు. ఆ మురుగునీళ్లలో మోకాలిలోతున నిలబడి ఉతికిన కాళ్లు కదా, పుండ్లు పడి మానలేదు. వానలు రాకముందే పోయింది.

పోలి అవ్వ చీరను రేవుకు తీసుకెళ్లింది. ముంచబోయి, అలవాటుగా "దిగువన ఎవరమ్మా?" అని కేకేసింది. దిగువన ఎవరూ లేరు. గట్టుమీది పడవతాత కళ్లు తుడుచుకుంటూ, "మీ అవ్వ ఉందిలేవే" అన్నాడు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున ఎవరైనా మురికినీళ్లు పారబొయ్యబోతే, "దిగువన ఎవరమ్మా?" అని అడుగుతారు. ఏరంతా ఖాళీగా ఉన్నా సరే, ఎవరో ఒకరు "అవ్వ ఉంది" అంటారు. ఎత్తిన కుండ దించుకుని, ఆ నీళ్లు తీసుకెళ్లి పెరట్లో పాదులకు పోసుకుంటారు.