అచ్చాయమ్మ జాడీల చదువు

అనగనగా ఒక ఊళ్ళో, తుమ్మకుండా దాటలేని ఒక వీధిలో, అచ్చాయమ్మ అని పచ్చళ్ళు పెట్టే ఆవిడ ఉండేది. ఆవిడకి మంగతాయి అని మనవరాలు. అచ్చం నీలాంటిదే. మాటలు కోటలు దాటేవి. అ ఆలు పాటలా పాడేది. రెండక్షరాలు కలిపి చదవమంటే మాత్రం ఆవులింత.

బడి తెరిచే రోజున పంతులమ్మ పలక మీద రాసింది చదివితేనే ఒకటో తరగతి. లేదంటే మళ్ళీ పసిపిల్లల గదిలో చాప మీదే. తన జతగత్తె రత్తాలు అప్పుడే ఒకటో తరగతికెళ్ళిపోయింది. ఇంక మంగతాయి ఒకటే ఏడుపు.

ఏడిస్తే చదువొస్తుందా? అప్పుడు అచ్చాయమ్మ కాగితాల మీద ఆవకాయ, చింతకాయ, ఉసిరికాయ, నిమ్మకాయ అని పెద్దపెద్దగా రాసి జాడీలకి అంటించింది. ఏది చూపించినా పిల్ల టకటకా చెప్పేసేది. అచ్చాయమ్మ పొంగిపోయి వీధంతా చెప్పుకొచ్చింది. ఆ తర్వాత ఒకరోజు జాడీల మూతులకి కట్టిన గుడ్డలు ఉతికి, మార్చి కట్టింది. అంతే, పిల్ల ఆవకాయని పట్టుకుని ఉసిరికాయ అంది. ఎర్రగుడ్డ ఉసిరికాయదట. ఇన్నాళ్ళూ పిల్ల చదివింది గుడ్డల్ని.

అప్పుడు అచ్చాయమ్మ గుడ్డలన్నీ విప్పేసింది. మంగతాయి మళ్ళీ అన్నీ సరిగ్గా చెప్పింది. చెప్పే ముందు జాడీ మీదకి వంగి వాసన పీల్చడం చూసి అచ్చాయమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత కాగితాలు ఊడబీకి చేటలో పోసింది. పిల్ల అప్పుడూ తడుముకోలేదు. నూనె మరకున్నది ఆవకాయట, పసుపంటింది నిమ్మకాయట.

"ఇంత తెలివీ పెట్టి అక్షరం వంక ఒక్కసారి చూడవే తల్లీ," అని అచ్చాయమ్మ నెత్తి బాదుకుంది. తెల్ల కాగితాల మీద మళ్ళీ రాసి, పిల్ల ముందు పడేసి, వంటింట్లోకెళ్ళి గిన్నెల మీద కోపం చూపించింది.

గుడ్డ లేదు, వాసన లేదు, మరక లేదు. మంగతాయి ఇంకేం చేస్తుంది, అక్షరాలే చూసింది. చూసి చూసి, "అమ్మమ్మా, వీటన్నిటికీ ఒకటే తోకుందేం?" అంది.

అచ్చాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ తోక 'కాయ' అనీ, తోక తెలిసింది కాబట్టి ఇక తల సంగతి చూసుకోమనీ చెప్పింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఎలా పోతుంది మరి?

బడి తెరిచారు. పంతులమ్మ పలక మీద ఏదో రాసి ఇచ్చింది. మంగతాయి ముందుగా దాన్ని వాసన చూసింది. కిటికీ బయట అచ్చాయమ్మ, అయిపోయింది నా పని అనుకుని కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి పిల్ల వేలు తోక దగ్గరుంది. అప్పుడు తల దగ్గరికెళ్ళింది. మెల్లగా ఒక్కో అక్షరం దాటుకుంటూ మళ్ళీ తోక చేరింది. నోరింకా తెరవనే లేదు, మంగతాయి మొహం చేదుమందు మింగినట్టు ముడుచుకుపోయింది. ఆ మొహం చూడగానే అచ్చాయమ్మకి సంతోషంతో కళ్ళనీళ్ళొచ్చాయి.

"కాకరకాయ," అంది మంగతాయి. "నాకొద్దు."

కథేమో కంచికి, జాడీలు అటకకి,
కాకరకాయ కూరకి, నీ కళ్ళు నిద్దరకి.