ఇద్దరు ఒప్పుకుంటే గానీ

ఏం చూశారో చెప్పండి. ఆ పెళ్ళిపందిట్లో మీరంతా వరసగా నిలబడి చూశారు కదా! ముసిముసిగా నవ్వడం కాదు, నోరు విప్పి చెప్పండి. షామియానా మూల అంటుకుంది. నిజమేనా? దాని కిందే ఒక మనిషి నిండు బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నిజమేనా? నీళ్ళు మాత్రం పోయలేదు. పక్కనున్న మనిషి ఫోను చెవికి ఆనించుకుని, "ఒప్పుకుంటావా లేదా, తొందరగా తేల్చవే!" అని గొంతు చించుకుంటున్నాడు. షామియానా ఎవరినీ అడగలేదు. తన మానాన తను కాలిపోయింది.

మీరది చూసి, పిచ్చివాళ్ళనుకుని, భోజనాలు చేసి ఇళ్ళకు పోయారు. అక్కడే తప్పులో కాలేశారు. సామర్లకోట మొత్తం గాలించినా గంధం వారంత తెలివైనవాళ్ళు దొరకరు. కావాలంటే వాళ్ళనే అడగండి, సిగ్గుపడకుండా చెబుతారు.

గంధం సత్తిరాజుది టెంటుహౌసు. కుర్చీలు, షామియానాలు, మైకుసెట్టు అద్దెకిస్తాడు. "మా ఇంట్లో ఎవరు ఏం చెప్పినా చెప్పినట్టు చేస్తాం. లోకంలో సగం అనర్థాలు చెప్పినట్టు చెయ్యకే వస్తున్నాయి" అంటాడు. ఒకసారి బస్సెక్కితే కండక్టరు "లోపలికి జరగండి, ఇంకా జరగండి" అన్నాడు. ఈయన జరిగాడు, జరిగాడు, ముందు తలుపులోంచి రోడ్డు మీదికి జరిగాడు. బస్సు వెళ్ళిపోయింది. "మాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళంతా ఇంకా లోపలే ఉన్నారు" అని ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు.

ఆయన భార్య తాయారు. పక్కింటావిడ ఓసారి "పొయ్యి మీద పాలున్నాయి, పొంగిపోతాయేమో కాస్త చూస్తూ ఉండమ్మా" అని బజారుకెళ్ళింది. తాయారు పీట వేసుకుని కూర్చుని, రెప్ప వాల్చకుండా చూసింది. ఆవిడ తిరిగి రాగానే, "మీరన్నట్టే పొంగాయండీ! మొదట్నుంచి చివరిదాకా చూశాను" అంది.

సత్తిరాజు తమ్ముడు సూరన్న. అన్నావదినల తెలివిలో లోటు కనిపిస్తే పూడ్చడం ఆయన పని.

ఇక వీళ్ళ ముద్దుల కూతురు హైమ. కాకినాడలో కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరం. పరీక్షలో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తుంది. 'మిగతా వివరాలకు వెనక పేజీ చూడండి' అని పుస్తకంలో ఉంటే అదీ రాస్తుంది. దిద్దినాయన నిజంగానే వెనక పేజీ తిప్పి చూసి, ఏమీ లేకపోయినా మార్కులు వేసేవాడు. తెలివి ఒక్క ఇంటి సొత్తా ఏమిటి!

ఆ హైమకి ఒక కోరిక పుట్టింది. ఫోన్లో పులిమేక ఆట ఉంది. మన అరుగుల మీద గీతలు గీసి గవ్వలతో ఆడుకున్న ఆటే. మేక అవతల ఖాళీ ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. పులి కదలకుండా మేకలు చుట్టుముడితే మేకలు గెలిచినట్టు. దాన్ని ఏ కంపెనీ చెయ్యలేదు. కొందరు కలిసి తయారుచేసి, లోపలి కోడు అందరికీ తెరిచిపెట్టారు. ఎవరైనా చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. ఆ జట్టులోకి ఈ వేసవికి ఒక్క విద్యార్థిని తీసుకుంటామన్నారు. ఆ చోటు దొరికిందా, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అయిపోయినట్టే. దొరకలేదా, కాలేజీలో హాజరుపట్టీ ప్రోగ్రాం రాయాలి. ఎన్నో ఏళ్ళుగా ప్రతి బ్యాచీ అదే రాస్తోంది. ఇంతవరకు దాంతో ఒక్కరికీ హాజరు వెయ్యలేదు.

"నాన్నా, నాకు ఆ చోటు కావాలి. నేను రాసింది ఎవరో ఒకరు ఆడాలి నాన్నా" అంది హైమ. అది మాత్రం తెలివి కాదు, నిజం.

హైమ దరఖాస్తు పెట్టింది. జట్టుపెద్ద యశోధర గారు జవాబు రాశారు. ఆదివారం సాయంత్రం లోగా ఆటలో ఒక తప్పు పట్టుకుని, దిద్ది, పంపాలట. ఏది తప్పు అని అడుగుతావేమో, ఆడేవాళ్ళని బాధపెట్టేది ఏదైనా తప్పే అన్నారు. సందేహం వస్తే నాకొక్కదానికే చాటుగా రాయకు, పదిమందికీ తెలిసేలా అడుగు అన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ఎంత చిన్న మార్పయినా ఇంకో ఇద్దరు చూసి ఒప్పుకుంటే గానీ చేర్చకూడదు అన్నారు.

సత్తిరాజు ఆ మాట విని కుర్చీలో కూలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఎలా బతికామే తాయారూ! ఒక్కణ్ణే లేచాను. ఒక్కణ్ణే పంచె కట్టుకున్నాను. ఎవరైనా చూసి ఒప్పుకున్నారా?"

"రామరామ! ఎవరు చూస్తారండీ!"

"అమ్మాయికి ఆ చోటు రావాలంటే ముందు ఇంట్లో అలవాటు కావాలన్నయ్యా. ఇవాళ్టినుంచే మొదలెడదాం" అన్నాడు సూరన్న.

అంతే. ఆ పూటే మొదలు. తాయారు పప్పు గిన్నె ముందు చెంచాడు ఉప్పు పట్టుకుని కేకేసింది. "ఉప్పేస్తున్నాను, ఒప్పుకుంటారా?"

సత్తిరాజు వచ్చి, గిన్నెలోకి చూసి, "ఒప్పుకున్నాను" అన్నాడు.

సూరన్న ఒప్పుకోలేదు. "ఉప్పు లేకుండా ఎలా ఉందో చూడకుండా ఎలా వదినా?" గరిటెతో తీసి, ఊది, చప్పరించాడు. "చప్పగా ఉంది. ఇప్పుడొప్పుకున్నాను."

"అడుగంటుతున్న వాసనొస్తోంది. దించెయ్యనా?"

"దించడం ఇంకో మార్పు వదినా. మళ్ళీ మొదట్నుంచి అడగాలి."

ఇంకేముంది! పప్పు బొగ్గయింది. బొగ్గుని పారెయ్యడానికి మాత్రం ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

ఈలోగా హైమ బాబాయితో ఆడుతూ నిజంగానే ఒక తప్పు పట్టుకుంది. మూల గడిలో ఉన్న పులి మీంచి మేక దూకితే పులి మాయమైపోతోంది. మేక పులిని తినేస్తోంది! సూరన్నవి మేకలు. ఆయనకు ఆశ్చర్యం వెయ్యలేదు. "పోనీలేవే, దానికీ ఒక రోజొచ్చింది" అన్నాడు. హైమ కోడు తెరిచి దిద్దబోయింది. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడింది. ఈసారి పులులు గళ్ళలోకి రావడమే మానేశాయి.

"సందేహం పదిమందికీ తెలిసేలా అడగమన్నారు కదా బాబాయ్" అంది హైమ. యశోధర గారన్నది జట్టువాళ్ళంతా రాసుకునే పేజీలో అడగమని.

"పదిమందీ ఎక్కడుంటారమ్మా? బజార్లో. మనకి మైకుసెట్టు ఉన్నది ఎందుకు?"

అంతే. ఆటో మీద మైకు కట్టారు. సూరన్న ఊరంతా తిరిగి చాటాడు. "ప్రజలకు మనవి! టెంటుహౌసు సత్తిరాజు గారింట్లో నిన్న మేక ఒక పులిని తినేసింది. ఇవాళ మిగతా పులులు బయటికి రావడం లేదు. ఎలా రప్పించాలో తెలిసినవారు వెంటనే ఇంటికి రాగలరు!"

ఎవడొస్తాడు? పక్క వీధివాళ్ళు తాళాలేసుకున్నారు. బడి ముందే వదిలేశారు. ఒక ముసలావిడ మేడ మీంచి, "ఆ మేక ఎవరిదో గానీ, దానికి దిష్టి తియ్యండర్రా!" అని అరిచింది. కాసేపటికి వల, కర్రలు వేసుకుని అటవీశాఖ జీపొకటి, దాని వెనక ఎస్సై దిగారు.

"పులులెక్కడయ్యా?"

"లోపలే ఉన్నాయండి. మా అమ్మాయి దగ్గర. పాపం పొద్దున్నుంచి పిలుస్తోంది, రావట్లేదు" అన్నాడు సత్తిరాజు.

"మీ అమ్మాయికి భయం లేదూ?"

"అలవాటేనండి. కావాలంటే కొడుతుందండి, వేలితో."

ఎస్సై గోడ పట్టుకుని, పిల్లిలా నడుచుకుంటూ వెళ్ళి, లాప్‌టాపు ముందు కూర్చున్న హైమని చూశాడు. గళ్ళు చూశాడు. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, పిల్లలు కూడా వింటున్నారు. ఆ తిట్ల మధ్యలో హైమకి తట్టింది. పులులని పిలిచే లైను తనే పొరపాటున కొట్టేసింది! తిరిగి పెట్టింది. మూల గడిలో తప్పూ సర్దుకుంది. పులులు రానే వచ్చాయి. "చూశారా సార్, పదిమందిలో అడిగితే దొరికింది" అంది. ఎస్సై టోపీ కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు. దాన్ని తీసి ఇవ్వడానికి ఇద్దరు ఒప్పుకునేలోపల జీపు మలుపు తిరిగింది.

ఇక ఆ పెళ్ళి. మీరు చూసిందే. శనివారం పెళ్ళికి షామియానా, కుర్చీలు సత్తిరాజువి. ప్రతి కుర్చీ ఒక మార్పే కదా! సూరన్న ఒక్కో కుర్చీ వేసి, అన్నయ్య చేత ఒకసారి, ఇంట్లో ఉన్న వదిన చేత ఫోన్లో ఒకసారి ఒప్పించాడు. ముహూర్తానికి రెండు వరసలు తేలాయి. మగపెళ్ళివారు నేల మీద కూర్చుని మీసాలు దువ్వుతున్నారు. ఆ సందట్లో వంటపొయ్యి నిప్పురవ్వ ఎగిరి షామియానా మూలకి తగిలింది.

సూరన్న చురుకైనవాడు. క్షణంలో బకెట్టు తెచ్చాడు. "అన్నయ్యా, నీళ్ళు పోస్తున్నాను, ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను! రెండోవాళ్ళు?"

తాయారుకి ఫోను. తాయారు పద్ధతి గల మనిషి. "చూడకుండా ఎలా ఒప్పుకుంటానండీ? ఫొటో పంపండి."

ఫొటో పంపారు. "పొగలో ఏమీ కనపడట్లేదు. కాస్త దగ్గర్నుంచి తియ్యండి."

పెళ్ళికూతురి మేనమామ పరిగెత్తుకొచ్చాడు. "నేనొప్పుకుంటున్నానయ్యా! నీళ్ళు పొయ్యి! నీ కాళ్ళు పట్టుకుంటా, పొయ్యి!"

"మీరు మా జట్టు కాదండి" అన్నాడు సూరన్న వినయంగా.

చెప్పినట్టు చెయ్యడమే తెలివైతే గానుగెద్దుని మించిన పండితుడు లేడు. ఎందుకు చెప్పారో ఒక్కరూ ఆలోచించలేదు. మనిషికెవరికీ దెబ్బ తగల్లేదు గానీ షామియానాకి తాళ్ళే మిగిలాయి. తాయారు ఒప్పుదల ఆ తర్వాత వచ్చింది. ఇంకేముంది, ఒప్పుదల వచ్చింది కదా అని సూరన్న బకెట్టెడు నీళ్ళూ పోశాడు. అప్పటికి అక్కడ మిగిలింది పెళ్ళికొడుకే.

ఆదివారం పొద్దున్న హైమ తన దిద్దుబాటు పంపింది. మధ్యాహ్నం యశోధర గారి ఫోను. ఆవిడ అరకు రైల్లో ఉన్నారు.

"హైమా, చాలా బాగా చేశావమ్మా! మిగతా విద్యార్థులు ఆటంతా తిరగరాసి పంపారు. నువ్వొక్కదానివే ఉన్న తప్పు దిద్ది ఊరుకున్నావు. నేనూ, జట్టులో ఇంకో ఆయనా చూశాం, ఒప్పుకున్నాం. ఆయన ఊళ్ళో లేరు, నేను రైల్లో ఉన్నాను. అందుకని ఆట తాళం, అదే పాస్‌వర్డు, నీకే ఇస్తున్నాను. నువ్వే చేర్చి, సాయంత్రానికి అందరి ఫోన్లకీ విడుదల చెయ్యి. ఇది సరిగ్గా జరిగిందంటే ఆ చోటు నీదే."

హైమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సత్తిరాజు తమ్ముణ్ణి కావలించుకున్నాడు, ఇద్దరు ఒప్పుకున్నాకే.

ఫోను పెట్టేసిన కాసేపటికి హైమ మళ్ళీ చేసింది. "మేడం, లాప్‌టాపు తెరవమంటారా?" తెరువమ్మా. మళ్ళీ చేసింది. "మేడం, ఛార్జింగ్ పెట్టనా?" పెట్టమ్మా. "మేడం, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుందామని…"

యశోధర గారి ఓర్పు తెగింది. "అమ్మా! నీకు బుర్ర ఉంది కదా! ఇక నన్నుగానీ ఇంకెవర్నిగానీ ఏదీ అడక్కు. ఏది తప్పని తోస్తే అది నువ్వే దిద్దేసి పంపెయ్. సొరంగాలొస్తున్నాయి, సిగ్నల్ పోతుం…" పోయింది.

హైమ ఆ మాట గుండెకి హత్తుకుంది. సరిగ్గా అప్పుడే పక్కన ఫోన్లో పులిమేక ఆడుతున్న తాయారు కెవ్వుమంది. "అయ్యో, నా తెల్లమేకని తినేసిందే! మూల నక్కి ఉన్నదాన్ని! దానికి ఏం పాపం తెలుసనీ!" కొంగుతో ముక్కు తుడుచుకుంది.

హైమ అమ్మ వంక చూసింది. ఆడేవాళ్ళని బాధపెట్టేది ఏదైనా తప్పే.

"నాన్నా, మేక పులిని తినడం తప్పని దిద్దాను కదా. మరి పులి మేకని తింటే ఒప్పెలా అవుతుంది?"

సత్తిరాజు ఆలోచించాడు. "న్యాయమే అడిగావమ్మా. ఇన్నేళ్ళుగా ఎవరికీ తోచలేదు చూడు!"

"మరి పులి ఏం తినాలే?" అన్నాడు సూరన్న.

"గడ్డి."

"ఇద్దరం ఒప్పుకోవాలేమో…"

"అడగొద్దన్నారు బాబాయ్."

అంతే. దిద్దింది. బటన్ నొక్కింది. సాయంత్రం కల్లా అందరి ఫోన్లలో పులులు మేకల పక్కన తలొంచుకుని గడ్డి మేస్తున్నాయి. మేకలు చుట్టుముడితే పక్కకి జరిగి దారిస్తున్నాయి. ఎవరూ ఓడటం లేదు, ఎవరూ గెలవడం లేదు, మొదలెట్టిన ఆట ఒక్కటీ ముగియడం లేదు. సొరంగాలు దాటి యశోధర గారి రైలు వెలుగులోకి వచ్చేసరికి ఆవిడ ఫోను మోగడం ఆగలేదు. ఒకాయన ఆటని నాశనం చేశారని తిట్టాడు. ఒకావిడ, మా పిల్లలు ఓడిపోయి కొట్టుకోవడం మానేశారు, చల్లగా ఉండండి అని దీవించింది. ఇదివరకటి కన్నా ఎక్కువమంది ఆడుతున్నారు. ఆట అవ్వందే ఎలా లేస్తారు!

చివరికి హైమ ఫోను చేసింది. "మేడం, తోచినవన్నీ దిద్దేశాను. ఈసారి ఎవర్నీ అడగలేదు. ఆ చోటు నాదేనా మేడం?"

తప్పు దిద్దమన్నది యశోధర గారే. అడగొద్దన్నదీ ఆవిడే. ఫోన్లో అవతల నలుగురూ చెవులు ఆనించుకుని ఉన్నారు. ఆవిడ నోరు పెగలడం లేదు గానీ, మీకు నోరుంది కదా. ఆ చోటు హైమకి ఇవ్వాలా, వద్దా?