ఓడెక్కిన కొడవలి

ఒక ఊళ్లో ఒక కమ్మరి ఉండేది. ఆడమనిషే. ఊరికంతటికీ కొడవళ్లు ఆమే చేసిపెట్టేది.

ఎవరొచ్చి కొడవలి కావాలన్నా ముందు ఇనుము మాట ఎత్తేది కాదు. బానలోంచి తడిమట్టి ముద్ద తీసి చేతిలో పెట్టేది. "పట్టు. వరిదుబ్బు కోస్తున్నట్టే పట్టు" అనేది. వచ్చినవాళ్లు పిడికిలి బిగించి వదిలేవాళ్లు. ఆ ముద్దని ఎండబెట్టి, దానిమీద పడిన గుంటలూ మిట్టలూ చూసుకుంటూ తుమ్మకర్రతో పిడి చెక్కేది. పిడిని బట్టి ఇనుము వంచేది. అందుకని ఆ ఊళ్లో ఏ రెండు కొడవళ్లూ ఒక్కలా ఉండేవి కావు. ఒకరి కొడవలి ఇంకొకరు పడితే అత్తగారి గాజులు కోడలు తొడుక్కున్నట్టు ఉండేది.

ఎండిన ముద్దలన్నీ కొలిమి వెనక బల్లమీద వరసగా పేర్చి ఉండేవి. బతికున్నవాళ్లవీ, పోయినవాళ్లవీ కూడా. ఎప్పుడైనా ఎవరో ఒకరు పనేమీ లేకుండానే వచ్చి "మా అమ్మది ఒకసారి తియ్యవే" అని అడిగేవాళ్లు. ఆ గుంటల్లో తమ వేళ్లు పెట్టుకుని కాసేపు కూర్చుని లేచి వెళ్లేవాళ్లు.

ఆ కొలిమిని నాన్న ఆమె చేతుల్లో పెట్టి పోయాడు. అది చల్లారితే ఆమెకి ఇంకో పని రాదు, ఇంకో ఆసరా లేదు.

నాన్న పోయిన కొత్తల్లో ఆ గడప ఎవరూ తొక్కలేదు. "ఆడపిల్ల కొట్టిన కొడవలికి గడ్డిపరకైనా తెగుతుందా?" అని నవ్వారు. మొదట వచ్చింది ఒక్క పెద్దమ్మే. పెద్దమ్మ ఆమెకి చుట్టమేమీ కాదు. ఊరంతా అలాగే పిలిచేవాళ్లు. ఆవిడది ఎడంచేతి వాటం. ఆ ఊళ్లో ఎడంచేత్తో ఏదిచ్చినా తప్పే, పుచ్చుకున్నా తప్పే. కోతలప్పుడు జనమంతా వరసగా మునుం పట్టి కోసుకుంటూ పోతుంటే, మోచెయ్యి పక్కవాళ్లకి తగులుతుందని పెద్దమ్మని ఆ చివర గట్టు పక్కన నిలబెట్టేవాళ్లు. కబుర్లూ కేరింతలూ అన్నీ మధ్యలోనే. ఆవిడకి గట్టుమీది కొంగలే గతి.

"నీ చేతిని ఎవరూ నమ్మరు, నా చేతిని ఎవరూ మెచ్చరు. కొట్టవే ఒక కొడవలి. చెడితే ఇద్దరం కలిసే చెడదాం" అంది పెద్దమ్మ.

కమ్మరి చేసిన మొదటి కొడవలి అదే. మొన కాస్త పక్కకి పోయింది. అయినా పెద్దమ్మ దాంతో ఇరవై రెండు పంటలు కోసింది. నూరగా నూరగా దాని నడుం సన్నబడింది. పిడి చీలితే రాగితీగ ఏడు చుట్లు చుట్టింది. ఒకసారి పొయ్యిలో పడి పిడిమీద రూపాయి బిళ్లంత మేర కాలింది. "అచ్చం నాలాగే తయారైంది ముదనష్టపుది" అని దాన్ని కొంగుతో తుడిచి చూరులో దోపుకునేది.

ఇలా ఉండగా ఒక ఏడు రేవులోకి ఓడ వచ్చింది. ఓడ షావుకారు పెట్టెలు విప్పి, సముద్రానికి అవతల చేసిన కొడవళ్లు పరిచాడు. తళతళమంటున్నాయి. ఒకటి చూస్తే వంద చూసినట్టే.

"కవలపిల్లలకైనా ఇంత పోలిక ఉంటుందా, చెప్పండి" అన్నాడు షావుకారు.

ఊరు ఊరంతా ఎగబడింది. మూడోరోజుకల్లా పిడి కుదరక అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి. ఆడలేక మద్దెల ఓడు అనడం లోకరీతి. ఆ ఊరివాళ్లు మాత్రం మద్దెలని పల్లెత్తు మాట అనలేదు.

"మన చేతులే మొరటువి" అన్నాడు ఊరిపెద్ద, బొబ్బలకి వెన్న రాసుకుంటూ. "అంత నాజూకైన సరుక్కి అలవాటు పడొద్దూ?"

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!" అంది కమ్మరి.

"రుచి ఉండబట్టే కదే అన్నారు" అన్నాడు పెద్ద.

కొలిమి దగ్గరికి మనిషి రావడం తగ్గింది. బానలో మట్టి ఎండి బీటలిచ్చింది. కొలిమితిత్తి మడతల్లో సాలీడు గూడు పెట్టింది. కమ్మరి రోజూ పొద్దున్నే లేచి నిప్పు రాజేసేది, దానికేసి చూస్తూ కూర్చునేది, సాయంత్రం బూడిద కప్పేసేది.

పై ఏడు ఓడ మళ్లీ వచ్చేనాటికీ బొబ్బలు మానకపోయేసరికి షావుకారే ఉపాయం చెప్పాడు. "మీ ఊళ్లో మేలైన కొడవలి ఒకటి ఇవ్వండి. పట్టుకెళ్లి అక్కడ చూపిస్తాను. వెంట్రుకవాసి తేడా రాకుండా వెయ్యి చేసి పంపుతారు."

మేలైనదేదో చెప్పమని కమ్మరినే అడిగారు. తన కొలిమిలో నీళ్లు పోయడానికి తన ఇంటి కడవే అడిగినట్టయింది ఆమెకి. పది కొడవళ్లు మనసులో మెదిలాయి. ఒకదాన్ని మించింది ఒకటి. పదింటినీ మింగేసింది.

"పెద్దమ్మ కొడవలి" అంది.

ఊళ్లో అందరికంటే ముందు కోసి ఒడ్డెక్కేది పెద్దమ్మే కాబట్టి ఎవరూ కాదనలేదు. కొడవలికి కూడా కుడీ ఎడమా ఉంటుందని, అంచుకి కక్కు కొట్టేటప్పుడు పళ్లు ఏ పక్కకి వాలాలో చూసుకుని కొట్టాలని కమ్మరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు. రానీ, వెయ్యి వంకర కొడవళ్లు రానీ, అప్పుడుగానీ ఈ ఊరికి బుద్ధి రాదు, ఏడుస్తూ నా గడపకే వస్తారు అనుకుంది.

"పిడి కొలత కూడా కావాలి" అన్నాడు షావుకారు.

ఆమె బల్లమీంచి పెద్దమ్మ ముద్ద తీసి ఇచ్చింది. "ఇదే కొలత."

పెద్దమ్మ కొడవలి ఇస్తూ మురిసిపోయింది. "నేను ఈ రేవు దాటింది లేదు. నా కొడవలి ఓడెక్కుతోందే!" అని నలుగురికీ చెప్పుకుంది. కమ్మరి నవ్వింది. ఆ నవ్వు ఆమెకే చేదుగా తగిలింది.

ఆ ఏడు కోతలకి పెద్దమ్మ చేతిలో కొడవలి లేదు. కొత్తది చేసిస్తానంటే వద్దంది. "దాంతో స్నేహం కుదరడానికి ఇంకో ఇరవై రెండేళ్లు కావాలి. ఎక్కణ్ణించి తేనే? అదే వస్తుందిలే." కోతలన్నాళ్లూ గట్టుమీద కూర్చుంది. జనం వెళ్లిపోయాక వంగి, చేలో రాలిన పరిగె ఏరుకుంది. సాయంత్రమయ్యేసరికి కొలిమి దగ్గరికొచ్చి, "ఈపాటికి ఓడ ఎక్కడుంటుందంటావే?" అని అడిగేది. కమ్మరి తిత్తి ఊదుతున్నట్టు అటు తిరిగిపోయేది. ఆ అడగడం ఏడాదంతా సాగింది.

మరుసటేడు కోతల ముందు ఓడ వచ్చింది. పెట్టెలు విప్పారు. గడ్డి తీశారు. వెయ్యి కొడవళ్లు. వెయ్యింటికీ నడుం సన్నం. వెయ్యింటికీ మొన పక్కకి. వెయ్యి పిడులమీదా రాగితీగ, లెక్కపెడితే ఏడేసి చుట్లు. వెయ్యింటిమీదా రూపాయి బిళ్లంత కాలిన మచ్చ.

"ఈ మచ్చ ఎందుకంటారు?" అన్నాడొకడు.

"చెమటకి చెయ్యి జారకుండా. అటువాళ్లు ఏదీ ఊరికే పెట్టరు" అన్నాడు ఊరిపెద్ద.

మర్నాడు చేలోకి దిగారు. కుడిచేత్తో పడితే కొడవలి దుబ్బుని పట్టదు, పట్టినా తెగదు. కమ్మరి గట్టున నిలబడి చూస్తోంది. ఇప్పుడు విసిరేస్తారు, ఇదిగో ఇప్పుడు విసిరేస్తారు. ఇంతలో ఎవరో అటుదిటు, ఇటుదటు తిప్పి, ఎడంచేత్తో పట్టి ఒక్క లాగు లాగారు. దుబ్బు సర్రున తెగి చేతిలోకొచ్చింది.

చేను చేనంతా అటు తిరిగి చూసింది.

"చూశారా!" అన్నాడు ఊరిపెద్ద. "తాతల నాటినుంచీ మనం తప్పు చేత్తో కోస్తున్నాం."

కానీ ఎడంచేత్తో కోయడం అంత సుళువా? ఒకళ్ల మోచెయ్యి ఇంకొకళ్ల డొక్కలో. ఒకావిడ కోస్తున్నాననుకుని తన కొంగే కోసుకుంది. గోల గోలగా ఉంది. చివరికి ఊరిపెద్దే గట్టుదాకా నడిచి వచ్చాడు. పెద్దమ్మ ఎదట చేతులు కట్టుకున్నాడు.

"పెద్దమ్మా, కాస్త మునుం మధ్యకి వచ్చి నిలబడతావా? నిన్ను చూసి నేర్చుకుంటాం."

పెద్దమ్మ తన ఎడంచేతిని కళ్లముందుకి తెచ్చుకుని తిప్పి తిప్పి చూసుకుంది. "నిన్నటిదాకా ఇది పుర్రచెయ్యిరా. ఓడెక్కి వచ్చేసరికి పంతులుగారి చెయ్యైపోయిందే!" అంది. పెట్టెలోంచి ఒక కొత్త కొడవలి తీసుకుంది. పడుతూనే మొహం విప్పారింది. అది ఆవిడ చెయ్యే కదా మరి.

ఆ ఏడు మునుం మధ్యలో పెద్దమ్మ ఉంది. ఆవిడ దగ్గర ఇరవై రెండేళ్ల కబుర్లు పోగుపడి ఉన్నాయి. కొంగలతో చెప్పుకున్నవన్నీ మనుషులకి చెప్పింది. కోతలు ఎప్పటికంటే ఆలస్యంగా అయ్యాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు.

కమ్మరి ఆశ నిలువునా కూలింది. పైగా ఊరంతా నవ్వుతుంటే తనకెందుకు కళ్లు చెమరుస్తున్నాయో తెలియలేదు. ఆ సాయంత్రం పెద్దమ్మ కొలిమి దగ్గరికొచ్చి కూర్చోగానే బయటపెట్టేసింది.

"పెద్దమ్మా, నీది మేలైనదని పంపలేదు. ఊరు నవ్వులపాలు కావాలని పంపాను. నిన్ను ఏడాదంతా ఉత్త చేతులతో కూర్చోబెట్టాను."

పెద్దమ్మ ఆకూ వక్కా నమిలి ఉమ్మి వచ్చింది. తీరిగ్గా కూర్చుంది.

"తెలుసే."

"తెలుసా?"

"మొన పక్కకి పోయిన కొడవలి ఊళ్లోకల్లా మేలైనదని నువ్వు చెప్తే నమ్మడానికి నేను ఊరిపెద్దనా?" అంది. "అలిగి చేశావు. ఆకలి మీద ఉన్నావు. సర్లే. నాకిదొకటి చెప్పు. వాళ్ల చేతులు చూశావా?"

"ఏమైంది?"

"మళ్లీ బొబ్బలే. ఆ పిడి నా ఒక్కదానికే సరిపోతుంది. మట్టి తడిపి ఉంచు."

మర్నాడు పొద్దున్నే ఊరిపెద్ద వచ్చాడు, గోడవారగా, ఎవరూ చూడకుండా. కొత్త కొడవలి ముందు పెట్టి, "ఇనుము బంగారమే అనుకో. పిడే కొంచెం..." అని నసిగాడు. కమ్మరి ముద్ద అందించింది. ఆయన కుడిచెయ్యి చాచి, నాలిక్కరుచుకుని, ఎడంచెయ్యి చాచాడు. ఆయన వెనకాల ఇంకొకరు. ఆ వెనకాల వీధి మలుపుదాకా జనం. బల్లమీద ప్రతి ముద్ద పక్కనా ఇంకో ముద్ద చేరింది. కొడవలి పళ్లు అరిగాయని కొందరు, కుడిచేతికి కూడా ఒకటి ఉండనీ అని కొందరు, వస్తూనే ఉన్నారు. తిత్తిలోని సాలీడు వేరే ఇల్లు వెతుక్కుంది.

ఓడ తిరిగి వెళ్లే ముందు షావుకారు ఒక గుడ్డమూట తెచ్చాడు. "ఆఖరి పెట్టె అడుగున ఉంది. నేను కట్టింది కాదు."

విప్పారు. పెద్దమ్మ పాత కొడవలి. ఎవరో చక్కగా నూనె రాశారు. దాని పక్కన పెద్దమ్మ మట్టిముద్ద. దాని పక్కన ఇంకో ముద్ద.

ఈ ఊరి మట్టి కాదు. బూడిదరంగుగా ఉంది. దానిమీద ఒక పిడికిలి. వేళ్లు సన్నవి, చిన్నవి. బొటనవేలి కింద, రోజంతా ఒకే పని చేసేవాళ్లకి కాయ కాసే చోట, చిన్న గుంట.

పెద్దమ్మ తన వేళ్లు అందులో పెట్టి చూసింది. పట్టలేదు. అయినా తీయలేదు. "ఇదేం విడ్డూరమే? వెయ్యి చేసి పంపినవాళ్లకి కొడవలికి కరువా?"

"వెయ్యి చేశారు పెద్దమ్మా" అంది కమ్మరి. ముద్దని వెలుతురులోకి తిప్పింది. "వెయ్యీ నీ చేతికే. నీ ముద్ద పట్టి చూశాక తమ చేతికీ ఒకటి కావాలనిపించినట్టుంది."

వెయ్యింటిలో ఒకటి ఆమె వంతుకి వచ్చింది. మూల పడేసి ఉంచింది. దాన్ని తీసి, పిడి ఊడగొట్టి, ఇనుముని నిప్పులో పెట్టింది. మూడు రోజులు కొట్టింది. తుమ్మకర్ర చెక్కింది. ఈసారి మొన పక్కకి పోలేదు. బూడిదరంగు ముద్దని మాత్రం పంపలేదు. బల్లమీద, పెద్దమ్మ ముద్ద పక్కన పెట్టుకుంది.

"ఎవరికివ్వాలి? ఊరూ పేరూ లేదే" అన్నాడు షావుకారు.

"అందర్నీ పట్టుకోనియ్యి. ఎవరి పిడికిట్లో కదలకుండా కూర్చుంటే వాళ్లకిచ్చెయ్యి."

"మరి చిట్టాలో ఎక్కడి సరుకని రాసుకోను? ఇక్కడిదనా, అక్కడిదనా?"

కమ్మరి పెద్దమ్మకేసి చూసింది. పెద్దమ్మ ఆకు నములుతూ ఓడకేసి చూస్తోంది.

"ఇంటికెళ్తోందని రాసుకో" అంది కమ్మరి.

కొడవలి అందించింది. ఎడంచేత్తో అందించానని తర్వాతగానీ ఆమెకి తెలియలేదు. షావుకారు చాచింది కూడా ఎడంచెయ్యే.