కూతకెళ్ళిన ముళ్ళపంది

అనగనగా ఒక అడవిలో, కొండవాలు దిగి వాగు దగ్గరికి వచ్చే చోట, ఒక హైస్కూలు ఉండేది. అవును పిల్లలూ, అడవిలోనూ హైస్కూళ్ళు ఉంటాయి. ఆ బడి పక్కనే, వాగు ఒడ్డున మెత్తటి ఇసుకలో మంచి ఆటస్థలం కూడా ఉండేది. కానీ ఆటల టీచరు మాత్రం లేరు. ఆటల పీరియడ్ గంట కొట్టగానే లెక్కలు చెప్పే గుడ్లగూబ మాస్టారే మళ్ళీ సుద్దముక్క పట్టుకుని వచ్చేవాడు. పగటిపూట ఆయనకు కళ్ళు సరిగ్గా కనిపించవు. అయినా లెక్కలు మాత్రం వదిలేవాడు కాదు.

పిల్లలందరూ ఉసూరుమనేవాళ్ళు. ఒక్క నేరేడు మాత్రం లోలోపల "హమ్మయ్య" అనుకునేది.

నేరేడు ఒక ముళ్ళపంది పిల్ల. ఎనిమిదో తరగతి. ఆటలంటే దానికి ఎందుకు పడదో చెప్తాను వినండి.

నిజానికి చిన్నప్పుడు దానికి ఆటలంటే ప్రాణం. మువ్వ అనే కుందేలు పిల్లతో కలిసి పొద్దుగూకేదాకా పరుగులు తీసేది. ఒకరోజు మువ్వ సరదాగా వెనకనుంచి వచ్చి గట్టిగా అరిచింది. నేరేడు ఉలిక్కిపడింది. ముళ్ళపంది ఉలిక్కిపడితే ఏమవుతుంది? వీపు మీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంటాయి. ఒక ముల్లు మువ్వ ముక్కుకి గుచ్చుకుంది. బొటబొటా రక్తం కారింది.

గాయం త్వరగానే మానింది. మువ్వ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ తర్వాత నేరేడు దగ్గరికి వస్తే చాలు, తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసేది. అది చూసి మిగతా పిల్లలూ వెనక్కి జరగడం మొదలుపెట్టారు. ఆ వెనకడుగు చూసినప్పుడల్లా నేరేడుకి ఏడుపొచ్చేది.

ఇక ఎవరు ఆటకు పిలిచినా "నాకు కడుపునొప్పి" అని ఒక పక్కన కూర్చునేది. ఎప్పుడూ కూర్చునే ఉంటే ఒళ్ళు మాట వింటుందా? సాయంత్రం కొండ ఎక్కి ఇంటికి చేరేసరికి రొప్పుతూ బొరియ గుమ్మంలోనే కూలబడేది. వాళ్ళమ్మ నీళ్ళిచ్చి, "ఈ వయసులో ఇంత ఆయాసమేంటి తల్లీ?" అని దిగులుపడేది. నేరేడు నీళ్ళు గటగటా తాగేసి లోపలికి వెళ్ళిపోయేది.

ఇలా ఉండగా, ఎండాకాలం సెలవుల తర్వాత బడికి ఆటల టీచరమ్మ వచ్చింది. పేరు గౌరమ్మ. ఎలుగుబంటి. మెడలో ఈల వేసుకుని, గుడ్లగూబ మాస్టారి ముందు నిలబడి, "మాస్టారూ, ఈ పీరియడ్ పిల్లలది. నాకు ఇచ్చెయ్యండి" అంది. ఆయన రెక్కలు సర్దుకుని, సుద్దముక్క జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పిల్లలందరూ ఇసుకలోకి ఉరికారు. నేరేడు గట్టు మీద ఆగిపోయింది.

"నువ్వు ఆడవా?" అని గౌరమ్మ టీచర్ అడిగింది.

"కడుపునొప్పి టీచర్."

"అయ్యో, అలాగా. అయితే నాతో అలా నాలుగడుగులు నడిచిరా" అంది టీచరమ్మ. ఇద్దరూ ఆటస్థలం చుట్టూ మెల్లగా నడిచారు. టీచరమ్మ మరేమీ అడగలేదు.

మరుసటి ఆటల పీరియడ్‌లో కూడా నేరేడు అదే మాట చెప్పింది. "సరే, ఈసారి కాస్త వేగంగా నడుద్దాం" అంది టీచరమ్మ. ఇద్దరూ నడిచారు. నేరేడు ఒగర్చింది. టీచరమ్మ ఆగింది, దాని ఊపిరి కుదుటపడేదాకా వాగు వైపు చూస్తూ నిలబడింది.

మూడోసారి నేరేడు నోట అబద్ధం రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కడుపునొప్పి కాదు టీచర్. నా ఒళ్ళే మంచిది కాదు. ఎవరు ముట్టుకున్నా గుచ్చుకుంటుంది."

గౌరమ్మ టీచర్ దాని పక్కనే ఇసుకలో చతికిలబడింది.

"ముళ్ళు ఎప్పుడూ లేచే ఉంటాయా?"

"లేదు టీచర్. భయం వేసినప్పుడు లేస్తాయి."

"మరి ఇప్పుడు?"

నేరేడు వీపు చూసుకోవాలని మెడ తిప్పింది. అంతలో టీచరమ్మ తన పెద్ద అరచెయ్యి దాని వీపు మీద వేసి, తల నుంచి తోకదాకా నిమిరింది. ఏమీ గుచ్చుకోలేదు. అమ్మ తప్ప ఇంకొకరు తన వీపు నిమిరి ఎంతకాలమైందో నేరేడుకి గుర్తులేదు. వెక్కివెక్కి ఏడ్చింది.

"నీ ఒళ్ళు చెడ్డది కాదు తల్లీ. దానికి భయం ఎక్కువ, అంతే" అంది టీచరమ్మ. "భయం వేస్తే ఊపిరి ఉరుకులు పెడుతుంది. ఆ ఊపిరిని నువ్వు నెమ్మదిగా వదలడం నేర్చుకో. ముళ్ళు నీ మాట వింటాయి. దానికి కబడ్డీని మించిన ఆట లేదు. ఒక్క ఊపిరిలో కూత పెట్టాలి కదా!"

ఆ రోజునుంచి నేరేడు ఇసుకలోకి దిగింది. మొదట్లో "కబడ్డీ కబడ్డీ" అని గట్టిగా నాలుగుసార్లు అనేలోపే దమ్ము అయిపోయేది. టీచరమ్మే ఎదురుగా నిలబడి దాన్ని పట్టుకునేది. ఒకసారి నేరేడు బెదిరింది. టీచరమ్మ అరచేతిలో ముల్లు దిగింది. నేరేడు బిక్కచచ్చిపోయింది. టీచరమ్మ ముల్లు పీకి, చెయ్యి నాక్కుని, "ఊఁ, మళ్ళీ రా" అంది.

వానలు పడ్డాయి. ఇసుక తడిసింది, ఆరింది. నేరేడు దమ్ము పెరిగింది. ఇప్పుడు అది కొండ ఎక్కి వచ్చినా ఆయాసపడకుండా "అమ్మా, ఆకలి!" అంటోంది. వాళ్ళమ్మ దుంపలు తవ్వి తెచ్చి పెట్టలేక సతమతమవుతోంది. అయినా ఆమె ముఖంలో ఎంత వెలుగో!

ఒకరోజు మైదానంలో టీచరమ్మ "ఈవేళ నేరేడును ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు మువ్వ ముందుకొచ్చింది. దాని చెవులు వణుకుతున్నాయి.

"వద్దు మువ్వా" అంది నేరేడు.

"నువ్వు కూత పెట్టు. నేను పట్టుకుంటాను" అంది మువ్వ.

నేరేడు గుండెలనిండా ఊపిరి తీసుకుని కూతకెళ్ళింది. మువ్వ కళ్ళు గట్టిగా మూసుకుని దాని మీద పడింది. ఇద్దరూ ఇసుకలో దొర్లారు. మువ్వ ఒక కన్ను తెరిచి చూసుకుంది. ఎక్కడా గీత కూడా పడలేదు. ఇద్దరూ పకపకా నవ్వారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు వాగు అవతలి బడితో కబడ్డీ పోటీ పెట్టారు. మన బడికి కెప్టెన్ పొన్న అనే దుప్పి పిల్ల. అవతలి జట్టుకు గిరక అనే ముంగిస. అడవంతా చూడ్డానికి వచ్చింది. కోతులు చెట్ల మీద, కప్పలు ఒడ్డు మీద.

ఆట హోరాహోరీగా సాగింది. చివరికి రెండు జట్ల పాయింట్లూ సమానమయ్యాయి. మిగిలింది ఒక్క కూత. పొన్న కాలు బెణికింది.

"నేరేడూ, నువ్వెళ్ళు!" అంది పొన్న.

నేరేడు గీత దాటింది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ! ఎడమకు వంగి ఒక అడవిపిల్లిని తాకింది. గిర్రున తిరిగింది. అంతలో గిరక వెనకనుంచి దూకి దాని వీపును కరుచుకుంది. మిగతావాళ్ళూ మీద పడ్డారు. మధ్యగీత ఇంకా జానెడు దూరం. నేరేడు చెయ్యి చాచింది. అందలేదు.

"ముళ్ళు లేపు!" అని పొన్న అరిచింది. "ముళ్ళు లేపు, వదిలేస్తారు!"

నిజమే. ఒక్కసారి ముళ్ళు విదిలిస్తే చాలు, అందరూ చెదిరిపోతారు. గెలుపు మనదే. కానీ గిరక తన ముఖాన్ని నేరేడు వీపుకి ఆనించి, గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. దాని కనురెప్పలు కదలడం నేరేడుకి తెలుస్తోంది.

గుండె దడదడలాడింది. ముళ్ళు లేవబోయాయి. నేరేడు కూతను నెమ్మది చేసింది. కబడ్డీ... కబడ్డీ... ముళ్ళు అణిగాయి. ఉన్న బలమంతా పెట్టి ముందుకు పాకింది. జానెడు దూరం బెత్తెడైంది. అక్కడ దమ్ము అయిపోయింది.

ఈల మోగింది. అవతలి బడి గెలిచింది.

పొన్న కుంటుకుంటూ వచ్చింది. "గెలిచే ఆటను పోగొట్టావు! దేవుడిచ్చిన ముళ్ళు ఎందుకు నీకు?" అని అరిచింది.

నేరేడు తల వంచుకుంది. అప్పుడు గిరక ఇసుక దులుపుకుంటూ లేచి వచ్చింది. గెలిచినా దాని ముఖంలో నవ్వు లేదు.

"నిన్ను పట్టుకున్నాక గానీ నాకు తట్టలేదు, నీ ముళ్ళ సంగతి. వదిలేద్దామంటే మా వాళ్ళంతా నా మీద ఉన్నారు, కదలడానికి లేదు. నువ్వు ముళ్ళు లేపి ఉంటే నా కళ్ళు పోయేవి" అంది.

పొన్న గిరక ముఖం వంక చూసింది. ఆ నల్లటి చిన్న కళ్ళ వంక చూసింది. తర్వాత తలదించుకుని, "నన్ను క్షమించు నేరేడూ. గెలవాలన్న తొందరలో నాకు అది కనిపించలేదు" అంది.

"నీ కాలు నొప్పిగా ఉందా?" అని అడిగింది నేరేడు.

గౌరమ్మ టీచర్ వచ్చి నేరేడు వీపు మీది ఇసుకను చేత్తో మెల్లగా దులిపింది. గిరక వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "వచ్చే వారం మా ఒడ్డుకి రండి. నేరేడూ, నువ్వు తప్పకుండా రావాలి. పోటీ ఏమీ లేదు, ఊరికే కలిసి ఆడుకుందాం" అంది. రెండు బడుల పిల్లలూ సంతోషంగా కేకలు పెట్టారు.

సాయంత్రం నేరేడు కొండ ఎక్కి ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"గెలిచారా తల్లీ?"

"ఓడిపోయామమ్మా" అంది నేరేడు. అని, ముఖమంతా నవ్వుతూ, "వచ్చే వారం వాగు అవతల ఆడడానికి పిలిచారు. నేను తప్పకుండా రావాలట!" అంది.

నీతి: ఎదుటివాళ్ళకు దెబ్బ తగలకుండా తమ బలాన్ని అదుపులో పెట్టుకున్నవాళ్ళు ఆటలో ఓడినా అందరి మనసులూ గెలుస్తారు.