దాలయ్య తమ్ముళ్ళు, దాలయ్య చెల్లెళ్ళు

అనగనగనగా, మీ తాతగారి తాత ఇంకా ఉయ్యాల్లో కూడా పడని రోజుల్లో, ఏటి మధ్యన బెల్లపులంక అని ఒక ఊరుండేదిట. దుప్పటి అంతా లాక్కోకురా, చెల్లికి కూడా చాలాలి. ఆఁ, బెల్లపులంక. ఊరి చుట్టూ నీళ్ళు, ఊరినిండా చెరుకు, ఊళ్ళోవాళ్ళ నోటినిండా పాట. ఆ పాటంతా ఎవరిదనుకున్నారు? దాలయ్యది.

ఈ దాలయ్య తంబూరా భుజాన వేసుకుని వారం వారం సంతలో పాడేవాడు. మనిషి చూడబోతే ఏముంది, కొబ్బరిపీచులా ఉండేవాడు. గొంతు విప్పాడంటే మాత్రం బేరమాడేవాళ్ళు బేరం మర్చిపోయేవారు, తూకం వేసేవాళ్ళు తూకం మర్చిపోయేవారు, తూకం తప్పుతోందని అరవాల్సినవాళ్ళు అరుపు మర్చిపోయేవారు. ఆయన ఒక ముక్క పాడితే వినేవాళ్ళు ఒక ముక్క అందుకోవాలి. దాన్ని వంత అంటారు. వంత లేకపోతే దాలయ్య పాట ముందుకు కదలదు, మీరు ఊ కొట్టకపోతే నా కథ కదలనట్టు. కొడుతున్నారా? ఏదీ, వినపడలేదే.

ఇంతకీ నూకరత్నం సంగతి చెప్పాలి. నూకరత్నం ఆ ఊరికి కొత్తకోడలు. ఏటి అవతల మెట్ట ఊరి పిల్ల. తల్లి పోయింది. తల్లి బతికున్నప్పుడు ఇద్దరూ పడవెక్కి వచ్చి సంతలో దాలయ్య పాట వినేవారు. "ఏరు దాటిన పిల్లా, నీకెవరున్నారే" అని దాలయ్య అడిగితే, "నీరున్నది నాకు, నీడున్నది నాకు" అని తల్లీకూతుళ్ళు వంత పాడేవారు. తల్లి పోయాక ఆ పిల్లకి తల్లి మిగిల్చింది ఆ ఒక్క ముక్కే. పెళ్ళిచూపుల్లో పిల్లవాడిది బెల్లపులంక అనగానే ముఖం కూడా చూడకుండా సరేనంది. పాట ఉన్న ఊరికి వెళుతున్నానని అంత సంబరం.

తీరా కాపరానికొచ్చి సంతకి వెళ్ళేసరికి ఏముందక్కడ? తాడు. దాలయ్య చుట్టూ గుంజలు పాతి తాడు కట్టేశారు. తాడు లోపల కూర్చున్నవాళ్ళే వంత పాడాలి, బయటవాళ్ళు నోరు మూసుకుని వినాలి. లోపలివాళ్ళెవరూ అంటే దాలయ్య తమ్ముళ్ళు. ఇప్పుడు మీ సినిమా హీరోలకి లేరూ, ఫలానా అన్నగారి తమ్ముళ్ళం అని ఫ్లెక్సీలు కట్టుకుని తిరిగేవాళ్ళు? అలాంటివాళ్ళే. అప్పట్లో ఫ్లెక్సీలు లేవు గనక పసుపు తువ్వాళ్ళు కట్టుకున్నారు. పాపం, మొదట్లో ఆ పిల్లలు దాలయ్య చాప మోసేవారు, తాగడానికి నీళ్ళు తెచ్చేవారు. ఆయన ప్రేమగా తమ్ముడూ అని పిలిస్తే పొంగిపోయి అదే పేరుగా పెట్టేసుకున్నారు. పేరులో తప్పేం లేదు. పేరు చుట్టూ తాడెందుకూ అంటాను నేను.

ఆ తమ్ముళ్ళకి పెద్ద ఎవరనుకున్నారు? నూకరత్నం మొగుడే. గవరయ్య. మంచివాడే, పెళ్ళానికి ముందు అన్నం పెట్టి తరువాత తాను తినే రకం. కానీ తువ్వాలు నెత్తికెక్కితే మాత్రం వేరే మనిషైపోయేవాడు. నూకరత్నం తాడు బయట నిలబడి అలవాటుకొద్దీ వంత అందుకుంది. గవరయ్య లేచొచ్చి, ఇది తమ్ముళ్ళ వంత, నువ్వు ఊరుకో అన్నాడు. నన్నూ ఒక తమ్ముడనుకోండి, ఆ తువ్వాలేదో నేనూ చుట్టుకుంటాను అందా పిల్ల. సంతంతా పకపకా నవ్వింది. కోడలికి మీసాలు మొలుస్తాయిట అని ఒకడన్నాడు. నూకరత్నం ఇంటికొచ్చి చేట ముందేసుకుని బియ్యంలో కన్నీళ్ళు పెట్టుకుంది. తెలియని పాటైతే అంత బాధ ఉండేది కాదు. తెలిసిన పాట నోట్లో పెట్టుకుని మింగడం ఎంత కష్టమో ఆ పిల్లకే తెలుసు.

ఏడ్చి ఊరుకునే రకం కాదులెండి. నేరుగా దాలయ్య ఇంటికే వెళ్ళి, అయ్యా, మీ పాట మగవాళ్ళకేనా అని అడిగింది. ఆయన నొచ్చుకున్నాడు. అదేమిటమ్మా, వాళ్ళు తమ్ముళ్ళైతే మీరు చెల్లెళ్ళు, మీరూ కూర్చోండి అన్నాడు. ఇంకేం, మరుసటి సంతకి రెండో తాడు పడింది. ఆ పక్క దాలయ్య తమ్ముళ్ళు, ఈ పక్క దాలయ్య చెల్లెళ్ళు. చల్లలమ్మే ఆడవాళ్ళు, గాజులమ్మే ఆడవాళ్ళు, గంపలు దించేసి వచ్చి కూర్చున్నారు. నూకరత్నం అత్తగారు కూడా కొంగు బిగించి ముందు వరసలో చేరింది. నూకరత్నానికి ఆకాశం అందినట్టే ఉంది.

ఆ సంబరం అన్నాల వేళదాకానే. అత్తగారు గరిటె పట్టుకుని వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయింది. ఒరే గవరయ్యా, దాలయ్య నీకేమవుతాడు అంది. అన్న అన్నాడు. అమ్మాయ్, నీకేమవుతాడు అంది. అన్నే అంది. మరి మీరిద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారర్రా అంది. గరిటె నేలమీద పడింది.

చూశారా, కొడుకు తమ్ముడైతే తల్లి అక్కైంది. తల్లి అక్కైతే కోడలు చెల్లెలైంది. కోడలు చెల్లెలైతే మొగుడు అన్నయ్యాడు. మొగుడు అన్నయితే మంచం అరుగుమీదకి వెళ్ళింది. అత్తగారే ఈడ్చి పడేసింది. నువ్వు నవ్వకే, ఆవిడకి నిజంగానే గుండె దడ. కన్నకొడుక్కి అక్కనైపోయానని ఆ పూట అన్నం కూడా తినలేదు.

ఒక్క ఇంట్లో అంటుకున్నది ఊరంతా పాకింది. ఏ అరుగు చూసినా మంచమే, ఏ మంచం చూసినా మొగుడే. ఇదంతా చాలదన్నట్టు పడవవాళ్ళ అబ్బాయికీ బెల్లంవాళ్ళ అమ్మాయికీ కుదిరిన పెళ్ళి ఆగిపోయింది. ఇద్దరూ ఆ తాడొకరు, ఈ తాడొకరు. అన్నాచెల్లెళ్ళకి ముహూర్తం పెట్టే పాపం నాకొద్దు అని పంతులుగారు పంచాంగం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సరే, రాజుగారి దగ్గరకి వెళ్ళారు. ఆయన తీర్పు చెప్పడానికి ముందు తాంబూలం నములుతాడు, తాంబూలం నమిలేసరికి ఫిర్యాదు మర్చిపోతాడు. అలాంటి మహారాజు. ఈసారి మర్చిపోకుండా తేల్చేశాడు. తమ్ముడి పెళ్ళాం మరదలు గదా, ఇకనుంచి ఆడవాళ్ళంతా దాలయ్య మరదళ్ళు, పొండి అన్నాడు. పెళ్ళయినవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. పెళ్ళికాని పిల్లల మాటో? మరదలంటే బావ చేసుకోదగ్గ పిల్ల కదా. ఊళ్ళో పెళ్ళికాని పిల్లలంతా తన మొగుడికి మరదళ్ళయ్యారని దాలయ్య పెళ్ళాం విన్నది. వినడమేమిటి, రోకలి తీసుకుని సంతకొచ్చింది. పెళ్ళికాని పిల్లలు తలో దిక్కుకీ పరుగు. కూరగాయలన్నీ కాళ్ళకింద చట్నీ.

ఇక గొడవే గొడవ. ఆడవాళ్ళు తాడు విప్పుకుని పోవాలని మగవాళ్ళు, మీరే పోండని ఆడవాళ్ళు. పాట సగంలో ఉండగానే తువ్వాళ్ళు, చేటలు ఎగిరాయి. దాలయ్య తంబూరా దించేశాడు. నా పాట వల్ల ఇళ్ళు విడిపోతుంటే నేనెందుకు పాడటం, రేపు మధ్యాహ్నం పడవకి ఏరు దాటి వెళ్ళిపోతాను అన్నాడు.

అప్పుడు అందరూ ఎవరికేసి చూశారు? నూకరత్నంకేసి. ఈ పిల్ల తాడులోకి వస్తానన్నందుకే కదా ఇదంతా అన్నారు. గవరయ్య అనలేదు. కానీ కాదనీ అనలేదు. నూకరత్నానికి అది అన్నిటికన్నా నొప్పిగా తగిలింది. తను అడిగినది తప్పా? అమ్మ పాట అమ్మలా పాడుకోవాలనుకోవడం తప్పా? ఆ పిల్ల ఎంత ఆలోచించినా తప్పు కనపడలేదు. పాట వెళ్ళిపోవడం మాత్రం కనపడింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఊరంతా రేవులో చేరింది. దాలయ్య ఒక కాలు పడవలో వేశాడు. అదిగో, అప్పుడు రేవు పక్కనున్న పాడుబడ్డ చెరుకుగానుగలోంచి ఒక దెయ్యం వచ్చింది. భయపడకండి, దీనికి కోరలూ లేవు, ఏమీ లేవు. పొగలాగా ఉంది, జుట్టు నేలమీద జీరాడుతోంది, పాదాలు వెనక్కి తిరిగున్నాయి. అయ్యా, వెళ్ళేముందు ఒక్క మాట చెప్పి వెళ్ళండి, ఎన్నేళ్ళుగానో గానుగలో కూర్చుని మీ పాటకి వంత పాడుతున్నాను, నేను ఏ తాడు లోపలికి రావాలి అంది.

తమ్ముళ్ళందరూ చెల్లెళ్ళ వెనక దాక్కున్నారు. చెల్లెళ్ళందరూ తమ్ముళ్ళ వెనక దాక్కున్నారు. గవరయ్య దూరం నుంచే వణుకుతూ, ఆడదెయ్యానివా, మగదెయ్యానివా చెప్పు, తాడు చూపిస్తాం అన్నాడు. దెయ్యం చాలాసేపు ఆలోచించింది. మర్చిపోయానయ్యా, పాట ఒక్కటే గుర్తుంది అంది. గుర్తులేకపోతే నీకు చోటు లేదన్నారు. దెయ్యం తల వంచుకుని గానుగకేసి తిరిగింది.

ఆ తిరగడం చూసేసరికి నూకరత్నం గుండె కలుక్కుమంది. తువ్వాలడిగి నవ్వులపాలైన రోజున తనూ అలాగే తిరిగింది. ఆ పిల్లకి భయం వెయ్యలేదా అంటే వేసింది. అయినా ఏట్లో చెంబు ముంచి, ఎదురెళ్ళి, ఆ వెనక్కి తిరిగిన పాదాలమీద నీళ్ళు పోసింది. పోసి, గవరయ్యకేసి తిరిగి ఇలా అంది:

"మన ఇంటికి ఎవరైనా వస్తే కాళ్ళకి నీళ్ళిస్తాం. ఎవరొచ్చారంటే చుట్టం వచ్చిందంటాం. ఆడొచ్చినా చుట్టమే, మగొచ్చినా చుట్టమే. ఇది ఏదైనా చుట్టమే. మనమంతా దాలయ్యగారికి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ మరదళ్ళూ ఎందుకవ్వాలి? ఆయన పాటకి చుట్టాలమైతే చాలదా?"

అత్తగారు వేళ్ళమీద వరసలు లెక్కపెట్టుకుంది. పాటకి చుట్టమైతే కొడుకు కొడుకే, కోడలు కోడలే. ఈ పిల్ల మాట బాగుందర్రా అంది ముందుగా ఆవిడే. పంతులుగారు పంచాంగం తీశాడు. గవరయ్య తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుని, అలాగే కానీ అన్నాడు.

ఒక్కడు మాత్రం కాదన్నాడు. మూటలు మోసే ముసలి సూరన్న. ముందూ వెనకా ఎవరూ లేరు పాపం. లోకంలో నన్ను తమ్ముడూ అని పిలిచేది దాలయ్య ఒక్కడే, అది కూడా తీసేస్తే నాకేం మిగిలిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఏడుపు ఎలాంటిదో నూకరత్నానికి తెలుసు కదా. దాలయ్యే పడవలోంచి కాలు తీసి వచ్చి సూరన్న భుజంమీద చెయ్యేశాడు.

"నిన్ను నేను తమ్ముడూ అనే పిలుస్తానురా. అది నీకూ నాకూ మధ్య మాట. ఊరందరికీ ఒక పేరు తొడిగేటప్పుడు మాత్రం అందరికీ పట్టేది చూడాలి."

సూరన్న ముక్కు చీదుకుని ఒప్పుకున్నాడు. రెండు తాళ్ళూ ఊడదీసి పడవవాడికి ఇచ్చేశారు. అక్కడే, రేవులోనే, దాలయ్య కూర్చుని తంబూరా మీటాడు. ఎవరెక్కడ కూర్చున్నారో ఎవరూ చూడలేదు. దెయ్యం సూరన్న పక్కన కూర్చుంది. సూరన్న కాస్త జరిగాడు, అంతే.

"ఏరు దాటిన పిల్లా, నీకెవరున్నారే" అని దాలయ్య నూకరత్నంకేసి చూసి పాడాడు. ఆ పిల్ల నోరు తెరిచింది. గొంతు రాలేదు. తల్లి గుర్తొచ్చింది. అప్పుడు పక్కనుంచి గవరయ్య వంత ఎత్తుకున్నాడు, అత్తగారు అందుకుంది, సూరన్న అందుకున్నాడు, దెయ్యం అందుకుంది, చల్లలమ్మేవాళ్ళూ మూటలు మోసేవాళ్ళూ అందరూ అందుకున్నారు. "నీరున్నది నీకు, నీడున్నది నీకు, మేమున్నాము నీకు" అని చివరి ముక్క వాళ్ళే కలిపి పాడారు. తల్లి చెప్పని ముక్క అది. నూకరత్నం ఏడుస్తూనే నవ్వి, గొంతు కలిపింది.

దాలయ్య ఏరు దాటలేదు. మంచాలు అరుగుల మీంచి లోపలికి వచ్చాయి. పెళ్ళి జరిగింది, దెయ్యం కూడా భోజనానికి వచ్చిందిట, పెరుగు రెండోసారి వేయించుకుందిట. కాబట్టి, నా తల్లీ, నా నాయనా, పదిమందికి ఒక పేరు పెట్టేముందు అందులో పట్టనివాళ్ళెవరైనా గుమ్మంలో నిలబడి ఉన్నారేమో ఒకసారి తొంగిచూడండి. ఇక కథని కంచి పడవ ఎక్కించేశాను, మనం మన దుప్పట్లోకి దూరదాం. కళ్ళు మూసుకోండి.