తీతువు కూసిన మూడు కూతలు

అనగనగా, ఏనుగులు తొక్కిన దారులే తప్ప వేరే దారి లేని ఒక అడవి. ఎండాకాలం వస్తే ఆ అడవికంతటికీ ఒకే ఒక మడుగు దిక్కు. ఆ మడుగు గట్టున, గులకరాళ్ల మధ్య, ఒక తీతువుపిట్ట నాలుగు గుడ్లు పొదుగుతోంది. పేరు సుభాషిణి గానీ, గొంతు మాత్రం రంపపు కోతే. నిరుడు పెట్టిన గుడ్లు పాము పాలయ్యాయి. ఈసారైనా పిల్లల మొహం చూడాలని దాని ఆశ.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. మట్టిగట్టు మీద ఏనుగు కాలు పడగానే తీతువు కూసేది; ఆ కూత వినబడితే చాలు, చిన్న జంతువులన్నీ పరుగున వచ్చి గట్టు మీద ఒత్తుగా నిలబడాలి. కాళ్ల ముందు అంత మంద కనబడితే ఎంతటి ఏనుగైనా విసుక్కుని మడుగు అవతలి రాతిరేవు వైపు తిరిగిపోయేది. చిన్నవాళ్ల బలమల్లా ఆ ఒక్క అలవాటే.

మడుగును ఎన్నో ఏళ్లుగా మహాదంతుడనే ముసలి ఏనుగు ఏలుతోంది. ఆ ఏడు తూర్పు కొండ దిగి ఉద్దండుడనే పడుచు ఏనుగు వచ్చింది. రోజురోజుకూ దాని దంతాలూ పెరిగాయి, మాటా పెరిగింది. ఇక చూడండి, అడవి నిండా వాదులే!

“ఉద్దండుడు మహానుభావుడు! వెదుళ్లు వంచి మా పిల్లలకు లేతాకు అందించాడు. ముసలాయన ఏనాడైనా ఒక్క రెమ్మ విదిల్చాడా?” అంది కుందేలు.

“ఊరికే వంచాడనుకున్నావా? రేపు మడుగంతా నాదే అంటాడు. పెద్దాయన ఉండబట్టే కదా ఇన్నాళ్లూ పులి ఇటు రాలేదు!” అంది దుప్పి.

“ఎవరు గెలిస్తే వారే మన దొర,” అంది నక్క, మధ్యలో కూర్చుని.

ఒకనాడు ఉద్దండుడు గట్టు మీద కాలు మోపింది. మట్టిపెళ్లలు విరిగాయి. సుభాషిణి కూసింది. దుప్పులు వచ్చాయి. కుందేళ్లు మాత్రం, “అది ముసలాయన పక్షం పిట్ట,” అని కదల్లేదు. సగం మందే అయినా ఉద్దండుడు గొణుక్కుంటూ వెనుదిరిగింది.

మూడోనాడు, తానేమీ తక్కువ తినలేదని మహాదంతుడు అదే గట్టెక్కింది. సుభాషిణి కూసింది. ఈసారి కుందేళ్లు వచ్చి దాన్ని మళ్లించాయి. దుప్పులు రాలేదు. “చూశారా, పిట్ట పడుచువాడి పంచన చేరింది,” అన్నాయి.

సుభాషిణి దుప్పి కాళ్లావేళ్లా పడింది. “అన్నా, నేను కూసేది కాలు చూసి, మొహం చూసి కాదు. గట్టు తెగితే నీ బిడ్డ తాగే నీళ్లు కూడా పోతాయి.”

“ముందు నువ్వెవరి పక్షమో చెప్పు,” అంది దుప్పి. కుందేలూ అదే మాట అడిగింది. పిట్ట తిరిగి వెళ్లి తన గుడ్ల మీద కూర్చుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రెండు ఏనుగులూ ఎదురెదురుగా గట్టెక్కాయి. సుభాషిణి గొంతు చీరుకుపోయేలా కూసింది. రెక్కలు విప్పి ఆ కాళ్లకు అడ్డం పరిగెత్తింది. కుందేళ్లు విన్నాయి. దుప్పులూ విన్నాయి. ఎవరి పొదలో వారు కూర్చుని, తమ ఏనుగే గెలవాలని మొక్కుకున్నారు.

ఏ ఏనుగూ గెలవలేదు. రెండింటి తొక్కిడికి గట్టు తెగి నీళ్లన్నీ ఇసుకలో ఇంకిపోయాయి. పెద్ద కాళ్లున్నవి కనుక ఏనుగులు రెండూ చెరో దిక్కున దూరపు నదులకు నడిచిపోయాయి. చిన్న కాళ్లవాళ్లు ఎక్కడికి పోగలరు?

పిల్లలు బురద నాకుతుంటే, “అంతా మీవాడి వల్లే!” అని కుందేలూ దుప్పీ ఇంకా అరుచుకుంటున్నాయి. సుభాషిణి ఆ బురదలో తన గుడ్ల కోసం గులకరాళ్లను ఒక్కొక్కటే ముక్కుతో తిప్పి చూస్తోంది. అన్నీ రాళ్లే. అది మళ్లీ కూయలేదు. కూస్తే వచ్చేదెవరు?

పిల్లలూ, బలవంతులలో ఎవరు మేలని తగువులాడుకుని తమ కట్టు విడిచిన బలహీనులకు, ఎవరు గెలిచినా మిగిలేది బురదే.